పెట్రోల్ పంపు మళ్లీ మార్చే ముందు ఎర్త్ చూడండి

మీరు పంపిన వివరాలు రెండుసార్లు చదివాను. చెన్నైలో తిరిగిన 2014 నాటి పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌ను పది నెలల కిందట తిరుపతిలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఈ పది నెలల్లో బ్యాటరీ ఒకసారి, పెట్రోల్ పంపు రెండుసార్లు మార్చారు. మార్చిన ప్రతిసారీ రెండు మూడు వారాలు బండి కులాసాగా తిరిగి, తర్వాత మళ్లీ మొదటికొస్తోంది. పొద్దున సెల్ఫ్ చాలాసేపు కొడితే గానీ స్టార్ట్ కావడం లేదు. లీలామహల్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నిలబడితే ఇంజిన్ ఆగిపోతోంది. తిరుమల ఘాట్ ఎక్కుతుంటే పికప్ పడిపోతోంది. హెడ్‌లైట్లు ఒక్కోసారి మసకబారుతున్నాయి. ఇలా ఇబ్బంది పెట్టే సమయంలోనే పెట్రోల్ ముల్లు కూడా ఉన్నట్టుండి కిందికి పడి మళ్లీ లేస్తోంది. బ్యాటరీ వేసినవారు తప్పు పంపుదంటున్నారు, పంపు వేసినవారు వైరింగ్‌దంటున్నారు. ఇంకో పంపు వేయించాలా, ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ అయిన ఈసీఎం మార్చాలా, వచ్చినంతకు అమ్మేయాలా అన్నది మీ ప్రశ్న.

ఈ మూడింటిలో ఏదీ ఇప్పుడు చేయవద్దని ముందుగా మనవి. ముప్ఫై ఏళ్లుగా తిరుపతి, రేణిగుంట, చంద్రగిరి చుట్టుపక్కల కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తున్న అనుభవంతో చెబుతున్నాను. మీరు కరెంటు ఇబ్బందులను ఒక వైపు, పెట్రోల్ ఇబ్బందులను ఇంకో వైపు పెట్టి చూస్తున్నారు గానీ, ఇవన్నీ ఒకే చోట పుడుతూ ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఆ చోటును పట్టించే ఆధారాన్ని మీరే ఇచ్చారు. చివర్లో, పెద్ద విషయం కాదన్నట్టుగా రాసిన పెట్రోల్ ముల్లు సంగతే అది.

పెట్రోల్ ట్యాంకు లోపల పంపు, ముల్లును నడిపించే ఫ్లోటు ఒకే అసెంబ్లీలో ఉంటాయి. చాలా కార్లలో ఆ రెండింటికీ ప్లస్ వైర్లు వేరైనా, ఎర్త్, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్లే దారి, మాత్రం ఒకటే. ఫ్లోటు తీసుకునే కరెంటు నామమాత్రం. పంపు మాత్రం నాలుగు నుంచి ఏడు ఆంపియర్ల దాకా లాగుతుంది. ఎర్త్ దారి బాగున్నంత కాలం ఒకదాని పని ఇంకొకదానికి అడ్డు రాదు. ఆ దారిలో ఎక్కడైనా తుప్పు పట్టిందంటే పంపు కరెంటంతా ఆ ఇరుకులోంచే వెళ్లవలసి వస్తుంది, అక్కడ కొంత వోల్టేజి నిలిచిపోతుంది, ఆ నిలిచిన వోల్టేజి వల్ల మీటరు తప్పు మట్టం చూపిస్తుంది. ట్యాంకులో ఒక్క చుక్క తగ్గకపోయినా ముల్లు కదలడానికి ఇదొక పెద్ద కారణం. మట్టాన్ని బట్టి అడ్డు మార్చే ఫ్లోటు లోపలి పట్టీ, అంటే కార్డు, అరిగినా ముల్లు ఎగిరిపడుతుంది, కాదనను. అయితే కార్డు అరిగితే ఇంజిన్ ఆగదు. మీ బండిలో ముల్లు, పికప్ రెండూ కలిసి పడుతున్నాయి కనుకనే నా అనుమానం నేరుగా ఎర్త్ మీదికి వెళ్లింది.

దీని లెక్క చిన్నదే. తుప్పు పట్టిన జాయింటులో 0.4 ఓమ్‌ల అడ్డు ఉండి, పంపు 5 ఆంపియర్లు లాగుతోందనుకుందాం. రెండింటినీ గుణిస్తే 2 వోల్టులు ఆ జాయింటులోనే పోతాయి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.5 వోల్టులు ఉంటే పంపుకు అందేది 11.5 మాత్రమే. మోటారు నెమ్మదిస్తుంది, పెట్రోల్ సరఫరా తగ్గుతుంది. రేణిగుంట రోడ్డు లాంటి చదును దారిలో ఇంజిన్‌కు కావలసింది తక్కువ కాబట్టి ఆ తగ్గుదల తెలియదు. అలిపిరి దాటి నలుగురు మనుషులతో, సామానుతో, రెండో గేరులో కొండ ఎక్కుతున్నప్పుడు ఇంజిన్ అడిగేది ఎక్కువ, పంపు ఇచ్చేది తక్కువ. ట్రాఫిక్‌లో ఐడిలింగ్ మీద నిలబడినప్పుడు ఇబ్బంది మరో రూపంలో వస్తుంది: బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ నెమ్మదిగా తిరుగుతూ తక్కువ కరెంటు ఇస్తుంది, అదే సమయంలో ఏసీ కంప్రెసర్ క్లచ్, బ్లోయర్, రేడియేటర్ ఫ్యాన్ అన్నీ లాగుతుంటాయి, బ్యాటరీ దగ్గరే వోల్టేజి దిగుతుంది, దిగిన దానిలోంచి ఆ జాయింటు మరో రెండు వోల్టులు తింటుంది.

ఇక్కడ చాలామంది మెకానిక్‌లు కూడా పట్టించుకోని ఒక సంగతి ఉంది. వోల్టేజి తగ్గితే ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి కనుక ఈసీఎం తనకు అందే వోల్టేజిని చూసుకుని, వాటిని కొంచెం ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. అంటే ఇంజెక్టర్ల లోటును అది సర్దుకోగలదు. ట్యాంకు దగ్గర పంపుకు ఎన్ని వోల్టులు అందుతున్నాయో మీ బండి తరహా కార్లలో ఈసీఎంకు తెలిసే మార్గం లేదు. అందువల్లే ఈసీఎంలోని లోపాల కోడ్లు చదివే స్కానర్ పెట్టి చూసినవారికి పంపు గురించి ఏ కోడూ కనిపించక, ఈసీఎమ్మే పోయిందేమో అనే మాట పుడుతుంది.

మరి కొత్త పంపు వేసిన ప్రతిసారీ రెండు మూడు వారాలు ఎందుకు బాగుంటోంది? పంపు మార్చేటప్పుడు దాని వైర్లను కలిపే ప్లగ్గును, అంటే కప్లర్‌ను, ఊడదీసి మళ్లీ పెడతారు. ఆ రాపిడికి పిన్నుల మీద పట్టిన పొర గీసుకుపోయి, లోహం లోహానికి తగులుతుంది. అప్పటికి అడ్డు కొంత తగ్గుతుంది. పైగా కొత్త మోటారు కాబట్టి తక్కువ వోల్టేజిలోనూ కాస్త గట్టిగా తిరుగుతుంది. లోపల ఉన్న అసలు తుప్పు మాత్రం అలాగే ఉంది కనుక వేడెక్కుతూ, చల్లారుతూ కొన్ని వారాల్లో మళ్లీ పాత స్థితికి వస్తుంది. మీరు రెండుసార్లు డబ్బు పోసి పంపు కొన్నారు. మీకు నిజంగా దక్కింది కప్లర్ ఒకసారి ఊడదీసి పెట్టిన ప్రయోజనమేనని నా అంచనా. ఆ పంపు వేసిన మనిషి మోసగాడని నేను అనను. పంపు మార్చగానే బండి బాగుపడటం ఆయన కళ్లారా చూశాడు.

మూడేళ్ల కిందట పాకాల వైపు నుంచి ఒక బండి నా దగ్గరికి ఇలాగే వచ్చింది. అప్పటికి వేరే షెడ్డులో మూడు పంపులు మార్చారు. మొదటి పంపును యజమాని పారేయకుండా పాత చొక్కా గుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టుకున్నారు. వెనక సీటు ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా పంపు మైనస్ పిన్నుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య వోల్టులు కొలిచే మీటరు పెడితే 1.9 వోల్టులు చూపించింది. అక్కడి నుంచి నల్ల వైరును చేత్తో తడుముకుంటూ వెళితే, వెనక ఎడమ చక్రం మడ్‌గార్డు లోపలి వైపు, పది నంబరు స్పానర్ పట్టే ఒక బోల్టు కింద అది ముగిసింది. పైకి బోల్టు బిగుతుగా, శుభ్రంగా ఉంది. ఊడదీసి చూస్తే వైరు చివరి రింగు, అంటే లగ్గు, కింద బండి రంగే, అదే నీలం పెయింటు, అద్దంలా మెరుస్తోంది. అంతకుముందు ఎప్పుడో ఆ వైపు గుద్దుకుంటే టింకరింగ్, పెయింటింగ్ చేసినవారు లగ్గు పక్కకు తీసి పెయింటు కొట్టి, ఆరాక దాని మీదే బిగించారు. కరెంటు బోల్టు మరల గుండా మాత్రమే వెళుతోంది, ఆ మరలలో పచ్చటి పొడి పేరుకుపోయి ఉంది. ఉప్పు కాగితంతో తెల్లటి రేకు కనిపించేదాకా గీకి, కొత్త లగ్గు వేసి, పళ్ల వాషరు పెట్టి బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూశాను. మీటరు 0.06 చూపించింది. తర్వాత ఆ గుడ్డలో చుట్టిన మొదటి పంపును బిగించి ప్రెషర్ గేజి పెట్టి చూస్తే నిక్షేపంలా పనిచేసింది. మూడు పంపుల ఖర్చు ఆ యజమాని మీద అనవసరంగా పడిందని నాకు ఈనాటికీ బాధగా ఉంటుంది, అందుకే ఈ సంగతి ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇప్పుడు మీ బండిలో కొలవవలసిన పద్ధతి చెబుతాను. వెయ్యి రూపాయల లోపు దొరికే మామూలు మల్టీమీటర్ చాలు. చాలామంది ఎర్త్‌ను ఓమ్‌లలోనో, బజర్ మీదో పెట్టి చూసి, మోగింది కాబట్టి బాగుందంటారు. ఆ పరీక్షను నమ్మకండి. మీటరు తీగల్లోనే సగం ఓమ్ దాకా అడ్డు ఉంటుంది, మనం వెతికే తప్పు కూడా అంతే పరిమాణంలో ఉంటుంది. పైగా వైరులో ఇరవై పోగుల్లో పంతొమ్మిది తెగినా బజర్ మోగుతుంది. కరెంటు పారుతున్నప్పుడు ఎన్ని వోల్టులు పోతున్నాయో కొలవడమే సరైన పద్ధతి.

వెనక సీటు ఎత్తి, పంపు మూత తీయండి. అక్కడ పెట్రోల్ వాసన గుప్పున వచ్చినా, తడి కనిపించినా మీటరు ముట్టుకోకుండా మెకానిక్‌ను పిలవండి. ఏమీ లేకపోతే నాలుగు తలుపులూ తెరిచి పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేసి, ఏసీ, హెడ్‌లైట్లు, బ్లోయర్ అన్నీ వేయండి. మీటరు 20 వోల్టుల డీసీ మీద ఉంచి, ఒక కొసను పొడుగు వైరు సాయంతో బ్యాటరీ మైనస్ ధ్రువానికి, క్లాంపుకు కాదు, ధ్రువపు సీసానికే ఆనించండి. రెండో కొసను పంపు కప్లర్ వెనక వైపు నుంచి సన్నని గుండుసూదితో మైనస్ వైరుకు తగిలించండి. ఇంజిన్ నడుస్తుండగా కప్లర్ లాగకూడదు, వైరు చర్మం కోయకూడదు. 0.2 వోల్టులు, మహా అయితే 0.3 రావచ్చు. అంతకు మించితే ఎర్త్‌లోనే తప్పు. అదే విధంగా బ్యాటరీ ప్లస్ ధ్రువం నుంచి పంపు ప్లస్ పిన్ను వరకు చూస్తే అర వోల్టు లోపు ఉండాలి. మించితే ఫ్యూజు బాక్సు, పంపు రిలే కాళ్లు, మధ్యలో ఉన్న కప్లర్లు చూడాలి. దారిని సగానికి విడదీసి కొలుచుకుంటూ వెళితే నాలుగైదు కొలతల్లో తప్పు ఉన్న చోటు దొరుకుతుంది. రిలే కాలు వేడికి గోధుమ రంగుకు తిరిగి ఉంటే రిలేతో పాటు దాని సాకెట్ పిన్నును కూడా మార్చించండి. వదులు పిన్నులో కొత్త రిలే పెట్టినా మళ్లీ కాలుతుంది.

ఇదే కొలతను సెల్ఫ్ మీద కూడా చేయాలి. సెల్ఫ్ తిరుగుతున్న నాలుగైదు క్షణాల్లో బ్యాటరీ మైనస్ ధ్రువానికీ ఇంజిన్ బ్లాకుకూ మధ్య 0.2 వోల్టులకు మించి రాకూడదు. సెల్ఫ్ నూటయాభై ఆంపియర్లు లాగుతుందనుకుంటే, ఓమ్‌లో నూరో వంతు అడ్డు చాలు ఒకటిన్నర వోల్టు పోవడానికి. బ్యాటరీ నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజిన్‌కు వెళ్లే జడ వైర్లు పన్నెండేళ్ల బండిలో పైకి బాగానే కనిపించి, క్లిప్పు లోపల పొడి పొడిగా ఉంటాయి. మీ హెడ్‌లైట్లు మసకబారడానికి కారణం అక్కడ దొరకవచ్చు.

బ్యాటరీ సంగతి త్వరగా చెబుతాను. రాత్రంతా కదలకుండా ఉన్న బండిలో పొద్దున్నే కొలిస్తే 12.6 వోల్టులు వస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 వస్తే సగమే ఉన్నట్టు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి దిగకూడదు. స్టార్ట్ అయ్యాక 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. అన్నీ వేసి ఐడిలింగ్‌లో ఉంచినా 13కు దగ్గరలో నిలబడాలి. కరకంబాడిలో బ్యాటరీల కర్మాగారం ఉన్న ఊరు మనది. అందులో పనిచేసే బంధువో, పక్కింటివారో మనలో చాలామందికి ఉంటారు, వారిని అడిగినా ఈ అంకెలే చెబుతారు. వేసవిలో నలభై డిగ్రీలు దాటే మన ఎండకు బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుందన్నది నిజమే, కానీ పది నెలల్లో చచ్చిపోయేంత కాదు. అంత త్వరగా పోయిందంటే అది సరిగా చార్జ్ కాలేదు, లేదా నిలిపిన బండిలో ఏదో దాన్ని తాగేస్తోంది.

తాగేస్తోందో లేదో చూడటానికి మీటరును 10 ఆంపియర్ల సాకెట్‌కు మార్చి, బ్యాటరీ మైనస్ క్లాంపుకూ ధ్రువానికీ మధ్య వరుసలో పెట్టాలి. తలుపు గడియను స్క్రూడ్రైవర్‌తో మూసిన స్థితికి నొక్కి, డిక్కీ లైటు ఆరిపోయిందో లేదో చూసుకుని, అరగంటకు పైగా వేచి ఉండాలి. లోపలి యూనిట్లు నిద్రలోకి జారడానికి అంత సమయం పడుతుంది. మీటరు అలా ఉండగా తాళం తిప్పితే మీటరు ఫ్యూజు పోతుంది, జాగ్రత్త. 0.05 ఆంపియర్ లోపు ఉంటే ఫరవాలేదు. 0.3 ఉంటే రోజుకు 7.2 ఆంపియర్ అవర్లు పోయినట్టు, మూడు రోజులు కదపకుండా ఉంచితే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగానికి పైగా ఖాళీ. ఏ సర్క్యూటు లాగుతోందో తెలుసుకోవడానికి ఫ్యూజులు పీకవద్దు, పీకితే నిద్రపోయిన యూనిట్లు మళ్లీ లేస్తాయి. ఫ్యూజు నెత్తి మీద కనిపించే రెండు చుక్కల మధ్య మిల్లీవోల్టులు చూస్తే, ఏ ఫ్యూజులో కరెంటు పారుతోందో అక్కడ చిన్న అంకె కనిపిస్తుంది.

ఆల్టర్నేటర్ డయోడు లీకైనా బ్యాటరీ రాత్రికి రాత్రి దిగిపోతుంది. ఇంజిన్ నడుస్తుండగా మీటరు ఏసీ వోల్టుల మీద పెట్టి బ్యాటరీ దగ్గర చూస్తే అర వోల్టుకు మించి రాకూడదు. అయితే కొన్ని చౌక మీటర్లు ఏసీ మీద పెట్టినా డీసీని కలిపి చూపిస్తాయి. అందుకని ముందు ఇంజిన్ ఆపి చూడండి. అప్పుడు సున్నా రాకపోతే ఆ మీటరు ఈ పరీక్షకు పనికిరాదు.

పాత యజమాని బిగించిన అదనపు వస్తువులన్నిటినీ ఒకసారి గుర్తించండి. మ్యూజిక్ సిస్టమ్, యాంప్లిఫయర్, రివర్స్ కెమెరా, డ్యాష్ కెమెరా, ఎల్ఈడీ లైట్లు, పెద్ద హారన్, రిమోట్ లాకింగ్, ట్రాకర్ ఏవైనా సరే, ఎక్కడి నుంచి కరెంటు తీసుకున్నారో చూడండి. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు ఎక్కడ కనిపించినా అది ఉండకూడదు. మన ఎండకు టేపు జిగురు కారిపోయి, వైర్లు ఒకదానికొకటి తగులుతాయి. మరో ముఖ్యమైన సంగతి, ఆ బండికి ఎప్పుడైనా గ్యాసు కిట్ బిగించి, అమ్మే ముందు తీసేశారేమో చూడాలి. గ్యాసు కిట్ కోసం ఇంజెక్టర్ వైర్లను కోసి మధ్యలో వేరే పరికరం కలుపుతారు, తీసేటప్పుడు ఆ కోసిన వైర్లను మెలిపెట్టి వదిలేస్తారు. డిక్కీ నేలలో సిలిండర్ బిగించిన రంధ్రాలు, ఇంజెక్టర్ల దగ్గర వేరే రంగు వైరు ముక్కలు కనిపిస్తే అనుమానించండి. ఎలుకలు కొరికిన వైర్లను కూడా ఇలాగే అతుకులు వేసి పెడతారు. నిలిపి ఉంచే చోట పక్కనే పొలాలో, గోడౌన్లో ఉంటే బోనెట్ లోపలి వైరింగ్‌ను నెలకోసారి టార్చి వేసి చూడటం మంచిది.

బండి చెన్నై నుంచి వచ్చిందన్నారు కనుక నీటి సంగతి తప్పక చెప్పాలి. 2015 డిసెంబరులోనూ, మిచౌంగ్ తుఫాను వచ్చిన 2023 డిసెంబరులోనూ చెన్నైలో కార్లు పెద్ద సంఖ్యలో మునిగాయి. 2021 నవంబరు వానలకు మన తిరుపతిలోనూ వీధులు వీధులే నీళ్లలో ఉన్నాయి. మునిగిన బండ్లలో కొన్ని కడిగి, ఆరబెట్టి, సీట్ల కవర్లు మార్చి సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు వచ్చాయి. చెన్నై బండ్లన్నీ అలాంటివని కాదు, చూసుకోవాలంటున్నాను. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగితే, నీరు నిలిచిన మట్టం దగ్గర మరక గీత కనిపించవచ్చు. సీటు పట్టాల కింది బోల్టుల తుప్పు, కార్పెట్ కింద ఉన్న ఫెల్టులో సన్నని బురద, స్టెప్నీ గుంతలో మట్టి పొర, సీటు కింది కప్లర్ల పిన్నుల మీద పచ్చదనం చూడండి. నీరు తాగిన కప్లర్ ఏడాది తర్వాత, రెండేళ్ల తర్వాత కూడా ఇబ్బంది పెడుతుంది. వైరు చర్మం లోపల తుప్పు రాగి పోగుల వెంట పాకుతూ పోతుంది. అలాంటి చోట పైపైన స్ప్రే కొడితే లాభం లేదు, మంచి రాగి కనిపించేదాకా వెనక్కి కోసి కొత్త ముక్క అతికించాలి.

ఎర్త్ కొలతలు సరిగ్గా వస్తేనే పెట్రోల్ వైపు చూడాలి. పొద్దున చాలాసేపు సెల్ఫ్ కొట్టవలసి రావడానికి సులువైన పరీక్ష ఒకటుంది. తాళం ఆన్ చేయగానే వెనక నుంచి రెండు మూడు క్షణాలు సన్నని గుర్రు శబ్దం వినిపిస్తుంది, అది పంపు లైనులో ప్రెషర్ ఎక్కిస్తున్న శబ్దం. తాళం ఆన్ చేసి ఆ శబ్దం ఆగాక ఆఫ్ చేయండి. ఇలా మూడుసార్లు చేసి నాలుగోసారి సెల్ఫ్ కొట్టండి. వెంటనే అందుకుంటే రాత్రంతా లైనులో ప్రెషర్ దిగిపోతోందన్నమాట. పెట్రోల్ వెనక్కి జారకుండా ఆపే పంపులోని చెక్ వాల్వు, ట్యాంకు లోపలి హోసు, లేదా కారుతున్న ఇంజెక్టర్ కారణం. ఇంజెక్టరైతే స్టార్ట్ అయిన మొదటి క్షణాల్లో పచ్చి పెట్రోల్ వాసన, నల్ల పొగ వస్తాయి. మూడుసార్లు చేసినా తేడా లేకపోతే సెల్ఫ్ తిరిగేటప్పటి వోల్టేజినే చూడాలి.

ప్రెషర్ గేజి ఉన్న మెకానిక్ చేత తప్పక కొలిపించండి. ఇంజెక్టర్లతో నడిచే చాలా ఎంపీఎఫ్ఐ బండ్లలో 3 నుంచి 4 బార్ మధ్య ఉంటుంది. మీ మోడల్‌కు ఎంతో సర్వీసు మాన్యువల్‌లో ఉంటుంది. ఐడిలింగ్‌లో చూసి వదిలేయకుండా, గేజి అలాగే ఉంచి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు దిగుతోందేమో చూడమనండి. గేజి బిగించే ముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా నడిపి ప్రెషర్ దింపాలి. పంపు మార్చిన రెండుసార్లూ లోపలి జాలీ మార్చారా, మోటారు ఒక్కటే మార్చారా అడిగి తెలుసుకోండి. జాలీ మూసుకుపోయి ఉంటే ఎంత మంచి పంపైనా ఘాట్‌లో చతికిలపడుతుంది.

పెట్రోల్‌లో ఇథనాల్ గురించి చాలామంది భయపడుతున్నారు. మన దేశంలో పది శాతం కలపడం 2022 జూన్ నాటికే పూర్తయింది, ఇరవై శాతం కలిపిన పెట్రోల్ 2023 ఫిబ్రవరి నుంచి రావడం మొదలైంది. మీది 2014 బండి, ఇరవై శాతాన్ని ఉద్దేశించి చేసింది కాదు. ఇథనాల్ పాత రబ్బరు హోసులను, సీళ్లను దెబ్బతీయగలదు, నీటిని పీల్చుకుంటుంది, ట్యాంకు అడుగున ఏళ్లుగా అంటుకున్న మడ్డిని కదిపి జాలీకి చేరుస్తుంది. అందుకని జాలీ, హోసులు చూపించుకోవడం, పెట్రోల్‌ను నెలల తరబడి ట్యాంకులో నిల్వ ఉంచకపోవడం అవసరం. అంతేగాని ఏసీ వేయగానే ఇంజిన్ ఆగడానికి ఇథనాల్‌ను కారణంగా చూపితే ఒప్పుకోకండి. రిజర్వు మీద నడపడం కూడా మానండి. పంపు చల్లబడేది చుట్టూ ఉన్న పెట్రోల్‌తోనే. పైగా ఘాట్ వాలులో, మలుపుల్లో పెట్రోల్ ఒక పక్కకు ఒరిగితే పంపు గాలి పీల్చవచ్చు.

వేడెక్కాక ఆగి, పావుగంట చల్లారాక మామూలుగా స్టార్ట్ అయితే ఇంకొక అనుమానితుడు ఉన్నాడు, ఇంజిన్ తిరుగుతోందని ఈసీఎంకు చెప్పే క్రాంక్ సెన్సరు. దీన్ని పంపు తప్పుగా పొరబడటం మామూలు. బండి ఆగిన వెంటనే సెల్ఫ్ కొడుతూ స్కానర్‌లో ఆర్‌పీఎం చూడండి. ఇంజిన్ తిరుగుతున్నా సున్నా చూపిస్తే సెన్సరో, దాని వైరో తప్పు. ఆర్‌పీఎం వస్తున్నా స్టార్ట్ కాకపోతే పెట్రోల్ వైపు, ఇగ్నిషన్ వైపు చూడాలి. వేడిగా ఉన్నప్పుడే చూడాలి సుమా, షెడ్డుకు తోసుకొచ్చేసరికి అది చల్లారి బాగైపోతుంది.

స్కానర్ విషయానికొస్తే, మీ బండికి స్కానర్ తగిలించే ఓబీడీ 2 పోర్టు ఉంటుంది. ఫోనుకు కలిపే చిన్న అడాప్టర్ సరిపోతుంది. పీ 0171 అంటే పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ అని. పీ 0562 అంటే వోల్టేజి తక్కువ అని. కోడు చూసి వస్తువు మార్చకుండా ఈసీఎం పెట్రోల్‌ను ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చూపే లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె చూడండి. ఐడిలింగ్‌లో ఎక్కువగా ఉండి, ఆర్‌పీఎం పెంచితే తగ్గితే ఎక్కడో గాలి లీకు. ఐడిలింగ్‌లో మామూలుగా ఉండి, లోడు మీద ఇరవై దాకా పెరిగితే పెట్రోల్ అందడం లేదు. ఇలా నడిపి చూసేటప్పుడు ఫోను పక్కన కూర్చున్న మనిషి చేతిలో ఉండాలి.

ఈ పని పూర్తయ్యేదాకా దయచేసి ఆ బండితో కొండ ఎక్కకండి. ఎక్కేటప్పుడు ఆగితే వెనకవాళ్లకు ఇబ్బంది, అంతవరకే అనుకోవచ్చు. దిగేటప్పుడు ఇంజిన్ ఆగితే బ్రేకు బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే సరిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది, స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. పిల్లలతో, పెద్దవాళ్లతో ఆ స్థితిలోకి వెళ్లకూడదు. దర్శనం టికెట్లు ముందే తీసుకుని ఉంటే అలిపిరి నుంచి బస్సులో వెళ్లి రండి.

మొదట పంపు ఎర్త్ మీద, పంపు ప్లస్ మీద, సెల్ఫ్ తిరిగేటప్పుడు ఇంజిన్ ఎర్త్ మీద వచ్చే మూడు వోల్టేజీలను, పొద్దున్నే బ్యాటరీ దగ్గర వచ్చే అంకెను ఒక కాగితం మీద రాయండి. ఏసీ వేసినప్పుడు ఎంత, ఆపినప్పుడు ఎంత అన్నది పక్కపక్కనే ఉండాలి. వెనక బోల్టు ఊడదీస్తే లగ్గు అడుగు భాగం ఫొటో కూడా తీసి పెట్టండి. అవి పంపితే తర్వాత ఏ వైరు వెంట వెళ్లాలో చెబుతాను. ఈసీఎం మార్చే మాట అప్పటిదాకా ఎవరు చెప్పినా పక్కన పెట్టండి.